కాసులమ్మగారి ఉమ్మడి కుటుంబం

“అమ్మా, మీరు ఏకాకియేనా?” అని అడిగాడు తాతాజీ, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

“ఏ కాకి నాయనా?” అంది కాసులమ్మ.

“అదేనండి, ఏకాకి.”

“అదే నేనూ అడుగుతున్నాను, ఏ కాకి అని. పొద్దున్నే పిట్టగోడ మీద వాలేది ఒకటుంది. కొబ్బరిచెట్టు మీది జంట వేరు. మీ ఆఫీసుకి ఏది కావాలి?”

జవాబు కోసం ఆగకుండా ఆవిడ ఎడమచేత్తో గోడ పట్టుకుని, కట్టు కట్టిన కుడిచెయ్యి గుండెకి ఆనించుకుని దొడ్లోకి దారి తీసింది. తాతాజీ వెనకాలే వెళ్ళాడు. ప్రభుత్వోద్యోగికి ఎవరు ముందు నడిస్తే వాళ్ళ వెనక నడవడం అలవాటే. గోడ అవతలనుంచి పక్కింటావిడ తల పైకి లేచింది.

“కాకుల లెక్క రాస్తన్నారాండీ? మా డాబా మీద కూడా ఉన్నాయి, రాసుకోండి. తీరా ఏదన్నా ఇచ్చేటప్పుడు మీ పేరు లేదంటే బాగోదు.”

తాతాజీ తల పట్టుకున్నాడు. “కాకి కాదండి. ఇంట్లో మీరు ఒక్కరేనా, ఇంకెవరన్నా ఉన్నారా అని.”

“ఓస్, ఒక్కదాన్నేనా అనా? అలా తెలుగులో అడగొచ్చుగా. ఒక్కదాన్నే. ఆయన పోయారు. పిల్లలు కలగలేదు. ఒక పిల్లి ఉండేది. నేను వంట మానేశాక అది పక్కింటికి కాపురం మార్చేసింది.”

తాతాజీ పేరుకి తాతే గాని వయసుకి ఇంకా నలభై మూడే. పెదమెరక పట్టణంలో సంక్షేమ శాఖవారి కేస్ మేనేజరు. కష్టంలో ఉన్న మనిషిని ఆ శాఖ ‘కేసు’ అంటుంది. ఆ కేసుని ఏదో ఒక పథకంలో చేర్చి, గట్టెక్కించి, మూసెయ్యడం మేనేజరు పని. ముందు గట్టెక్కించాలా, ముందు మూసెయ్యాలా అన్నది మాత్రం మార్గదర్శకాల్లో లేదు. మార్గదర్శకాల్లో మార్గం ఎటూ ఉండదు, దర్శనం కూడా కష్టమే. ఏ వీధికెళ్ళినా జనం “ఏం కేసండీ, పొట్లాటా?” అని గుసగుసలాడేవారు. “పొట్లాట కేసు కాదండి, పొట్ట కేసు” అని సద్దిచెప్పి ముందుకి సాగేవాడు.

కాసులమ్మది అచ్చంగా పొట్ట కేసే. పేరులో ఉన్న కాసులు ఇంట్లో లేకపోయినా ఇన్నాళ్ళూ తన అన్నం తను వండుకుని తింది. బోరింగు దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రివాళ్ళు కట్టు కట్టారు. ఎముక మాత్రం ఆవిడనడక్కుండా తనకి నచ్చిన వంకరలో అతుక్కుంటోంది. గిన్నె ఎత్తలేదు, గంజి వార్చలేదు. అందుకే తాతాజీ ఆవిణ్ణి కొత్తగా వచ్చిన ‘ఏకాకి భోజన యోజన’లో చేర్చడానికి వచ్చాడు. ఒంటరిగా ఉన్నవాళ్ళ ఇంటికి రోజూ మధ్యాహ్నం వేడివేడి క్యారేజీ పంపే పథకం అది. ఒంటరితనానికి వయసేమిటని, వయసు నిబంధన కూడా పెట్టలేదు. తనిఖీ రోజున మాత్రం నమూనా క్యారేజీ ఒకటి రావాలి. కేసు తింటోందా లేదా అని అధికారి కళ్ళారా చూడాలి.

చెప్పిన వేళకి, పథకంవారి క్యారేజీలు ఇంటింటికీ మోసే నూకరత్నం వచ్చింది. ముద్దపప్పు, వంకాయ కూర, చారు కంచంలో వడ్డించి, ఇంకో ఇంటికి పోవాలని వెళ్ళిపోయింది. కాసులమ్మ కంచం ముందు కూర్చుని ఎడమచేత్తో ముద్ద కలిపి, ఆగింది.

“తినండి, పెద్దమ్మా.”

“నువ్వో?”

“నేను డ్యూటీలో ఉన్నానండి.”

“నోరు కూడా డ్యూటీలోనే ఉందా? తినే మనిషి ఎదురుగా నువ్వు అలా గుడ్లప్పగించి కూచుంటే నాకు ముద్ద దిగదు నాయనా. ఇంటికొచ్చినవాణ్ణి చూస్తూ తిన్నదన్న మాట మా ఇంటావంటా లేదు.”

ఆవిడ తినకపోతే కేసు తిన్నట్టు రాయడానికి లేదు. తాతాజీ ఒక్క ముద్ద తిన్నాడు. పప్పు బాగానే ఉంది. తరవాత ట్యాబ్ తీసి ఒక్కొక్క గడీ నింపాడు. చివర్లో ఒక గడి ఉంది: ‘తనిఖీ సమయమున సదరు వంటను భుజించినవారి సంఖ్య.’ తాతాజీ అబద్ధం రాసే రకం కాదు. ఆ శాఖలో ఉద్యోగమైతే దొరికింది గాని, ఆ విద్య మాత్రం అబ్బలేదు. ‘రెండు’ అని నొక్కి ఇంటికి పోయాడు.

మర్నాడు క్యారేజీ రాలేదు.

*

ఉప సంచాలకులు పరాంకుశంగారు పేరుకి తగ్గ మనిషి. పరులందరికీ ఆయనే అంకుశం. తాతాజీ గోడు పూర్తిగా విని కళ్ళజోడు తుడుచుకున్నారు.

“ఇందులో ఫిర్యాదు ఏమున్నదయ్యా? సదరు మహిళ ఏకాకి కాదు. ఆమె గృహమున ఒక పురుషుడు భుజించుచున్నట్టు నమోదైనది.”

“ఆ పురుషుణ్ణి నేనేనండి.”

“అట్లనా. మరి ఆమెను మీరే పోషించవలెను గదా.”

“సార్, మర్యాదకి ఒక్క ముద్ద తిన్నానండి.”

“ముద్ద మీద ముద్ర పడినది. నియమావళి పదకొండవ అంశము రీత్యా ఒకే వంటలో తినువారందరూ ఒకే కుటుంబము. ముద్దలు ఎన్ని అన్నది అంశములో లేదు.”

“పొరపాటైంది, దిద్దించండి సార్.”

“మీరు అబద్ధము నమోదు చేసియుంటే దిద్దవచ్చును. దానికి అవకాశమున్నది, నమూనా కూడా ఉన్నది. మీరు నిజము నమోదు చేసినారు. నిజమును దిద్దుట దిద్దుబాటు అనిపించుకోదు, దుర్వినియోగమగును.” పరాంకుశంగారు కొంచెం కరిగారు. “అయినను మానవతా దృక్పథముతో ఒక ఉపశమనము ఇచ్చెదను. మీరు ఆ గృహమున నివసించుట లేదని తేల్చుటకు మరొక అధికారిని పంపెదను.”

మరొక అధికారి వచ్చింది. పోషణ పర్యవేక్షకురాలు సువార్తమ్మ. తనిఖీ కాబట్టి నమూనా క్యారేజీ కూడా వచ్చింది. కాసులమ్మకి ప్రాణం లేచొచ్చింది. సువార్తమ్మ తాతాజీ చెప్పినదంతా విని, “మీలాగ నేను మొహమాటానికి తిననండి” అంది. ఆమె మాట మీద నిలబడింది. మొహమాటానికి తినలేదు, డ్యూటీకి తింది. పోషణ పర్యవేక్షణ అంటే రుచి చూడాలి, ఉప్పు రాయాలి, ఉడుకు రాయాలి. రాసింది. ‘భుజించినవారి సంఖ్య: రెండు.’ ట్యాబ్ ఆ రెంటినీ పాత రెంటితో పోల్చి చూసుకుని, కుటుంబ సభ్యులు ముగ్గురని తేల్చింది.

తాతాజీ ఆ ఇంట్లో ఉంటున్నాడా లేదా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఉంటే ఇప్పుడు అతనికి చెల్లెలు కూడా ఉంది.

ముగ్గురెలా అయ్యారో చూడ్డానికి నాణ్యతా విభాగంనుంచి ఒకాయన వచ్చి, నాణ్యత చూసి, నాలుగోవాడయ్యాడు. నలుగురు తినేచోట శుభ్రత ఉందా అని పారిశుద్ధ్యంవారు వచ్చారు. “మేం తినం, పాత్రలే చూస్తాం” అన్నారు. “పాత్రలు చూసినవాడు పాత్రలోది చూడకుండా పోతాడా?” అని కాసులమ్మ వడ్డించింది. సర్వే జనాః సుఖినో భవంతు అన్నారు పెద్దలు. సర్వేకొచ్చిన జనమంతా సుఖంగా తిని వెళ్ళారు.

సర్వే లేని రోజున కాసులమ్మ అటుకులు మజ్జిగలో నానేసుకుని తినేది. తాతాజీ ఇంటినుంచి ఏదన్నా తెద్దామంటే నియమావళి అడ్డం. ‘అన్యమార్గమున ఆహారము అందుచున్నచో అనర్హులు.’ అయినా ట్యాబ్ సంచిలో ఉప్మా దాచి తెచ్చేవాడు. అది తింటూ కాసులమ్మ, “నీ యంత్రానికి పోపు వాసనొస్తోంది నాయనా” అనేది.

అప్పటికి తాతాజీకి బుర్రలో ఒక సంగతి వెలిగింది. తనిఖీ ఉంటేనే క్యారేజీ వస్తోంది. క్యారేజీ వస్తే అధికారి తింటున్నాడు. అధికారి తింటే ఈవిడ ఏకాకి కాదు. ఏకాకి కాకపోతే మళ్ళీ తనిఖీ. ఈవిడకి రోజూ అన్నం దొరకాలంటే ఈవిడ మీద రోజూ ఎవరో ఒకరు ఫిర్యాదు చెయ్యాలి.

ఎవరో ఒకరు దొరక్క తనే చేశాడు. తన మీద తనే ఆకాశరామన్న ఉత్తరాలు రాసుకున్నాడు. ‘తాతాజీ అను కేస్ మేనేజరు కాసులమ్మ కేసు తనిఖీలో మిక్కిలి అలసత్వం చూపుచున్నాడు, అతనికి సిగ్గు లేదు’ అని రాసేటప్పుడు ‘సిగ్గు’ దగ్గర ఒకసారి కొట్టేసేవాడు గాని, అవతల పప్పన్నం గుర్తొచ్చి మళ్ళీ రాసేవాడు. ఉత్తరం వెళ్ళడం, తనిఖీ రావడం, కాసులమ్మ కడుపు నిండడం, కుటుంబం పెరగడం. పదిమందిని కన్నా ఇలా పెరిగేది కాదమ్మా కుటుంబం అని పక్కింటావిడ గోడ మీంచి మురిసిపోయింది.

అంతా బాగుందనుకునేలోపల, అసలే పథకాలతో కిక్కిరిసిన శాఖలో ఇంకో పథకం కన్ను ఆ ఇంటి మీద పడింది. ఉమ్మడి కుటుంబాలు అంతరించిపోతున్నాయని బెంగపెట్టుకుని, ఎక్కడన్నా ఒకటుంటే సన్మానించాలని వెతుకుతున్న పథకం అది. పెదమెరకలో విధవరాలైన తల్లి, ఒకే కంచంలో తినే ఇంతమంది బిడ్డలు అని చూసి పొంగిపోయింది. ఒకనాడు మైకు, పూలదండ, శాలువా వచ్చి కాసులమ్మ వాకిట్లో దిగాయి. ‘ఆదర్శ ఉమ్మడి కుటుంబము’ అని గుడ్డ కట్టారు. పరాంకుశంగారు ఉపన్యసించారు.

“నేటి స్వార్థపూరిత సమాజమున ఈ మాతృమూర్తి తన సంతానమును ఒక్క తాటి మీద నడుపుచున్నది.”

సంతానమంతా ముందు వరసలోనే కూచున్నారు. సువార్తమ్మ చప్పట్లు కొట్టింది. కాసులమ్మ శాలువాని వేళ్ళతో తడిమి, పక్కనున్న తాతాజీ చెవిలో అంది.

“ఇది ఉడుకుతుందా నాయనా?”

తాతాజీ నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగాడు. రవిక చేతులు వదులైపోయాయి. దవడలు లోపలికి పోయాయి. సన్మానాన్ని తనిఖీగా లెక్కేయరట. అందుకని ఆ రోజు క్యారేజీ రాలేదు. ఆకాశరామన్న ఉత్తరాలకి కూడా, ‘ఆదర్శ కుటుంబముపై ఫిర్యాదులు స్వీకరించబడవు’ అని జవాబొచ్చేసింది. అంటే ఇక తనిఖీలు లేవు. అంటే ఇక అన్నం లేదు.

*

మర్నాడు తాతాజీ పరాంకుశంగారి గది తలుపు తోసుకుని లోపలికెళ్ళి, ఎదురుగా కుర్చీలో కూచున్నాడు. కూచోమనకుండా ఆ కుర్చీలో కూచున్న మొదటి మనిషి అతనే.

“సార్, ఈ కుటుంబంలోంచి మమ్మల్ని తీసేసే దారి చెప్పండి. లేకపోతే ఆ ముసలావిడ పోతుందండి.”

“పోయినచో సమస్య ఉండదు” అన్నారు పరాంకుశంగారు, కాగితాలు తిరగేస్తూ. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నియమావళి చదువుతున్నారంతే. “కుటుంబమునుండి సభ్యులు తొలగుటకు మూడు మార్గములు. ఒకటి మరణము. రెండు వివాహము. మీ అందరికీ అయినవి గదా? మూడు, వేరుపడుట. అనగా తగవు వచ్చి, ఇంటి పెద్ద సదరు సభ్యుని ‘పొమ్ము’ అనవలెను. అధికారి సమక్షమున.”

“అంటే ఆవిడ మమ్మల్ని తిట్టాలాండి?”

“హృదయపూర్వకముగా.”

ఆ మధ్యాహ్నమే కుటుంబమంతా కాసులమ్మ అరుగు ముందు బారు తీరింది. సాక్షి హోదాలో పరాంకుశంగారు కుర్చీ వేయించుకున్నారు. వీధి వీధంతా వచ్చి నిలబడింది. తాతాజీ ఆవిడకి అంతా వివరించి, “తిట్టండి పెద్దమ్మా. మీరు ఒంటరైతే రోజూ అన్నం వస్తుంది” అన్నాడు.

కాసులమ్మ సువార్తమ్మని చూసింది. “ఏమని తిట్టను? వెళ్ళిరా తల్లీ, ఎండగా ఉంది, తలకి గుడ్డేసుకో.”

“ఇది వీడ్కోలు” అన్నారు పరాంకుశంగారు. “తగవు కాదు.”

“నాణ్యత బాబూ, నువ్వూ వెళ్ళు. వీలున్నప్పుడు వస్తూ ఉండు.”

“ఇది ఆహ్వానము.”

“మా ఇంట కలిపిన ముద్ద తిన్న మనుషుల్ని తిట్టడానికి నాకు నోరు రావట్లేదు బాబూ” అంది కాసులమ్మ. అరుగు స్తంభానికి చేరబడి కూచుంది. నిలబడడానికి ఓపిక లేదు.

సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒకావిడ వచ్చింది. చేతిలో క్యారేజీ ఉంది.

“ఏవండీ” అంది తాతాజీతో. “మీరు ఎప్పుడు పోయారు?”

ఆవిడ తాతాజీ భార్య మంగతాయారు.

“నూకరత్నమనే మనిషి మనింటికొచ్చి ఇది ఇచ్చిందండి. నేను ఏకాకినంట. మొగుడు వేరే కుటుంబంలో ఉంటున్నట్టు రాసుందంట, పిల్ల హాస్టల్లో ఉందంట, కాబట్టి ప్రభుత్వం నాకు రోజూ అన్నం పెడతదంట. వేరే కుటుంబం ఎక్కడమ్మా అంటే ఈ వీధి చెప్పింది. చూద్దామని వచ్చాను. ఎవరండీ ఆవిడ?”

అప్పుడు తాతాజీ, పై అధికారి ఉన్నాడనీ వీధంతా వింటోందనీ కూడా మర్చిపోయి, మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. కాకి దగ్గర మొదలెట్టి, ఒక్క ముద్ద తిన్నదీ, నిజం రాసిందీ, తను కొడుకైందీ, సువార్తమ్మ కూతురైందీ, నాణ్యతా పారిశుద్ధ్యం తోబుట్టువులైందీ, ఆకాశరామన్న తనేనన్నదీ చెప్పాడు. ఈ ఇంట్లో ఉన్నది మొదటినుంచీ ఈవిడ ఒక్కతేనని చెప్పాడు. జనంలో కొందరు నవ్వారు. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డ బంధువులా అని బుర్ర బద్దలుకొట్టుకున్న పక్కింటావిడ ‘హమ్మయ్య’ అనుకుంది. పరాంకుశంగారికి కూడా అర్థమైంది. ఆయన మొహంలో అది కనిపించింది. వెంటనే తుడుచుకున్నారు.

“అర్థమగుట వేరు, నియమము వేరు. అమ్మా, మీ చేతిలోని క్యారేజీనుండి మీరు ఏమైనా భుజించినారా?”

“రుచి చూశానండి. కూరలో ఉప్పు లేదు.”

“ఒకే వంటశాలది గదా. అయితే మీరును ఈ కుటుంబ సభ్యురాలే. వరసకు కోడలు.” పరాంకుశంగారి కళ్ళు మెరిశాయి. “శుభము. కోడలు వచ్చినది గనుక తగవు సులభము.”

అత్తా కోడలూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మంగతాయారు ఆవిడ చేతి కట్టు చూసింది, వదులైన రవిక చూసింది.

“ఈవిడతో తగవేంటండీ” అంది. “ముందు ఈవిడకి అన్నం పెట్టండి.”

“తీర్మానము కాకుండా పెట్టినచో అందరము మరల మొదటికి వచ్చెదము” అన్నారు పరాంకుశంగారు. కోడలికి వేరే గడి తెరవాలా, ఉన్న గడిలోనే చేర్చాలా అని సువార్తమ్మ అడిగింది. కూరలో ఉప్పు లేదన్న మాట తన విభాగం మీద నింద అని నాణ్యతాయన అభ్యంతరం చెప్పాడు. చర్చ పెరిగింది. ట్యాబులు బయటికొచ్చాయి. అరుగు మీద, అందరి మధ్యనా, క్యారేజీ కూచుని ఉంది. కాసులమ్మ దాన్నే చూస్తోంది. కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. తరవాత లేచింది.

“ఒరే” అంది.

ఎవరినన్నదో తెలియక అందరూ తిరిగారు.

“అన్నం చల్లారిపోతోందిరా. కళ్ళెదురుగా కూడు పెట్టుకుని కూతలు కూస్తారేంట్రా అంకమ్మ పూనినట్టు? ఒకడు తిన్నానంటాడు, ఒకత్తి రుచి చూశానంటది, ఆ కుర్చీలో ఆయన శుభము అంటాడు. ఎవడి శుభం? మీ మొహాలు మండ. మీరు తిన్న మెతుకులన్నీ నావిరా. తిని, మళ్ళీ నన్నే ఎంతమందివని అడుగుతారా? పొండి. అందరూ పొండి. నువ్వు కూడానోయ్ తాతాజీ, మంచోడివని ఊరుకుంటే పెళ్ళాన్ని కూడా తెచ్చావు. పొండి నా ఇంట్లోంచి.”

క్యారేజీ ఎడమచేత్తో లాక్కుని లోపలికి పోయి, ధడాల్న గడియ వేసుకుంది.

పరాంకుశంగారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“సహజమైన తగవు” అన్నారు. “నా సర్వీసులో ఇంత నిర్దుష్టమైన వేరుపడుట చూడలేదు. రాసుకోండి. అందరూ తొలగినారు. సదరు మహిళ ఈ క్షణము నుండి ఏకాకి. రేపటినుండి క్యారేజీ మంజూరు. అయితే ధ్రువీకరణ పూర్తియగు వరకు ఎవ్వరును గడప దాటరాదు.”

తాతాజీ నుదుటి చెమట తుడుచుకున్నాడు. మంగతాయారు అతని చొక్కా పట్టుకుంది. మళ్ళీ ఏ కుటుంబంలోనైనా తేలతాడేమోనని.

అప్పుడు లోపలినుంచి చప్పుడు వినిపించింది. టంగ్. టంగ్. కాసేపాగి మళ్ళీ టంగ్. తరవాత వీధి కిటికీ తెరుచుకుంది. ఊచల వెనక కాసులమ్మ మొహం. కోపం పోయింది, మొహమాటం వచ్చింది.

“నాయనా, ఈ క్యారేజీ క్లిప్పు ఒంటిచేత్తో రావట్లేదు.”

ఎవరూ కదల్లేదు. అందరూ పరాంకుశంగారి వంక చూశారు. ఆయన నియమావళి తిరగేశారు. క్లిప్పు గురించి ఏమీ లేదు.

తాతాజీ కిటికీ దగ్గరికెళ్ళాడు. రెండు చేతులూ ఊచల్లోంచి లోపలికి పెట్టి, ఆవిడ పొట్టకి ఆనించి పట్టుకున్న క్యారేజీ క్లిప్పు లాగాడు. ఒక్కొక్క గిన్నె విడదీసి కిటికీ గట్టు మీద పరిచాడు. పప్పు. కూర. అన్నం.

“సార్” అంది సువార్తమ్మ, ట్యాబ్ పట్టుకుని. “ఇప్పుడీయన ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా?”

“మనిషి బయట, చేతులు లోపల” అన్నారు పరాంకుశంగారు ఆలోచిస్తూ. “సహాయ హస్తములు, రెండు. వాటికి నోరు లేదు గనుక సభ్యులు కారు.”

కాసులమ్మ అక్కడే నిలబడి ఎడమచేత్తో ముద్ద కలిపింది. తను తినలేదు. ఊచల మధ్య ఇంకా అలాగే ఉండిపోయిన తాతాజీ అరచేతిలో పెట్టింది.

“నువ్వు పొద్దున్నుంచీ ఏం తినలేదు. తిట్టాను కూడాను.”

నాణ్యతాయన నోరు తెరిచాడు. సువార్తమ్మ వేలు ట్యాబ్ మీద గాలిలో ఆగింది. తాతాజీ ముద్దతో చెయ్యి బయటికి తీసుకుని, దాన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, పై అధికారిని చూశాడు. లోపల కాసులమ్మ తినకుండా ఎదురుచూస్తోంది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పరాంకుశంగారు మెల్లగా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

“సువార్తమ్మగారూ, నాకు కళ్ళజోడు లేనిదే ఏమియు కనపడదు” అన్నారు. “మీకు?”

సువార్తమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ట్యాబ్ ఆపేసి చీర చెంగుతో కప్పింది.

“ఛార్జింగ్ అయిపోయిందండి.”

కిటికీ లోపల కాసులమ్మ రెండో ముద్ద కలుపుకుని తిన్నది.

“కోడలు చెప్పింది నిజమే” అంది నములుతూ. “ఉప్పు లేదు.”